ఆదికిచ్చిన జాకెట్లు

"నీకంటే బాగా" అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా గురునాథానికి గిట్టదు. పక్కింటివాళ్ల కాఫీ తమ ఇంటి కాఫీకంటే బాగుందన్నా చాలు, ఆ పూటకి అతని ముఖం మాడిపోతుంది. అలాంటి మనిషి పాతికేళ్లపాటు తెనాలి గంగానమ్మపేటలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టి, ఊళ్లో తనకు పోటీ లేదనిపించుకున్నాడు. పోటీ లేనన్నాళ్లూ చాలా మంచివాడు కూడాను. ఇచ్చిన గుడ్డలో జానెడు ముక్క మిగిలినా చుట్టచుట్టి తిరిగి ఇచ్చేవాడు.

పోటీ ఎందుకు లేదంటే, అతని కుట్టు అలాంటిది. పండక్కిస్తానంటే పండక్కే ఇస్తాడు. కాజాలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. వీటన్నిటినీ మించిన గుణం ఇంకొకటుంది. అతను తలెత్తి ఆడమనిషి వంక చూడడు. కొట్టుముందుకు ఎవరొచ్చినా వాళ్ల కాళ్ల పట్టీలు చూసి మాట్లాడతాడు. అందుకే అంగలకుదురు ఆసాముల ఇళ్లలోంచి కూడా ధైర్యంగా కోడళ్లను అతని కొట్టుకు పంపేవారు. ఊళ్లో అతన్ని తలెత్తని గురునాథం అనేవారు. ఆ పేరు చెవినపడ్డప్పుడల్లా అతని తల ఇంకాస్త వంగేది, గర్వంతో.

ఆ రోజుల్లో మగదర్జీ టేపు పట్టుకుని ఆడవాళ్లని కొలవడమనేది లేదు. వాళ్లు గడప అవతలే నిలబడి కొత్తగుడ్డా, దాంతోపాటు ఆది జాకెట్టూ బల్లమీద పెట్టేవారు. ఆది అంటే కొలతకిచ్చే పాతది. "దీని ప్రకారం కుట్టండి" అనేవారు. అతను దాని ప్రకారమే కుట్టేవాడు, వెంట్రుకవాసి తేడా రాకుండా. వాడుకగా వచ్చేవాళ్లు ప్రతిసారీ మోసుకురావడం ఎందుకని ఆదిని కొట్లోనే వదిలేసేవారు. వాటిని అతను ఒక రేకుపెట్టెలో దాచేవాడు. ఎవరిది ఏదో గుర్తుకి లోపల రంగుదారం ముడి. పసుపుదారమైతే సామ్రాజ్యంగారిది, ఆకుపచ్చయితే కుమారి వాళ్లమ్మది, ఎర్రదారమైతే తన భార్య ఆండాళమ్మది. అవును, సొంత భార్యకైనా అతను ఆది చూసే కుట్టేవాడు. అలవాటు అలాంటిది.

కత్తెర పట్టీ పట్టీ చివరికి అతని కుడిచేతి బొటనవేలు బిగుసుకుపోయింది. వంగదు. వంచితే ప్రాణం పోయినంత పని. డాక్టరు చూసి, ఇంక కత్తెర ముట్టుకోవద్దన్నాడు. పిల్లా జెల్లా లేరు. రేపల్లెలో ఆండాళమ్మకు పుట్టింటివాళ్లిచ్చిన రెండుగదుల ఇల్లుంది. కొట్టు మూసేసి అక్కడికి పోదామన్నాడు గురునాథం.

"మూసేస్తే ఏమొచ్చిద్దండి?" అంది ఆండాళమ్మ. "మీరు తాళమేసి అటు తిరగ్గానే ఎవడో వచ్చి సోడాకొట్టు పెడతాడు. ఇక్కడ గురునాథం అనేవాడు ఉండేవాడని కూడా ఎవరికీ గుర్తుండదు. ఎవరికన్నా అమ్మెయ్యండి. బోర్డుమీద మీ పేరన్నా మిగులుద్ది."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తన పేరున్నచోట సోడాబుడ్లు వేలాడటాన్ని తలుచుకోలేకపోయాడు. కొట్టు అమ్ముతాను, బోర్డుమీద పేరు మాత్రం మార్చకూడదు అని నలుగురికీ చెప్పాడు.

మొదట చీరాలవైపు నుంచి పేరయ్య అనే కుర్రదర్జీ వచ్చాడు. ఏదీ, ఒక జాకెట్టు కత్తిరించి చూపించమన్నాడు గురునాథం. పేరయ్య గుడ్డ పరిచాడు, సుద్దతో నాలుగు గీతలు గీశాడు, కత్తెర కరకరా నడిపించాడు. తమలపాకు నమిలినంతసేపట్లో ముక్కలు బల్లమీదున్నాయి. ఒక్కచోట కూడా వంకర లేదు. గురునాథం ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ముక్కల్ని చుట్టచుట్టి బల్ల చివరికి నెట్టేశాడు.

"కొట్టు వేరేవాళ్లకి మాటిచ్చేశానయ్యా," అన్నాడు. ఎవరికీ ఇవ్వలేదు.

తరవాత బాపట్ల నుంచి కబురొచ్చింది. చౌడేశ్వరి అనే అమ్మాయి, మనవాళ్లే, అక్కడ కుట్టు నేర్చుకుంది, మొగుడికి తెనాలి బియ్యంమిల్లులో గుమాస్తా పని దొరికింది అని. గురునాథం బాపట్ల వెళ్లి చూశాడు. ఆ అమ్మాయి అరుగుమీద కూర్చుని మిషను తొక్కుతోంది. తను కుట్టిన జాకెట్టు తెచ్చి భయంభయంగా చేతిలో పెట్టింది. కుట్టు ఒకచోట పక్కకి జరిగింది. కాజా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గురునాథం మనసు పాలు తాగినట్టు చల్లబడింది. ఈ పిల్ల కూర్చుంటే ఊరు ఊరంతా రోజూ తననే తలుచుకుంటుంది. గురునాథం ఉన్నప్పుడయితేనా అనుకుంటుంది.

"పర్లేదమ్మాయ్, చెయ్యి తిరిగిద్దిలే," అన్నాడు ఎంతో దయగా. కొట్టు ఆమెకే అమ్మాడు. ఆండాళమ్మ ముచ్చటపడింది, ఆడపిల్లకు ఆసరా ఇచ్చాడని. లోకం కూడా అలాగే అనుకుంది. అతనూ కాదనలేదు.

కొట్టు అప్పగించినరోజున చౌడేశ్వరి మిషనుకు బొట్టుపెట్టి, దణ్ణంపెట్టుకుని, అతని ముక్కాలిపీటమీద కూర్చుంది. అంతలో సామ్రాజ్యంగారు వచ్చింది. అంగలకుదురులో పెద్ద కమతం వాళ్లది. ఇరవయ్యేళ్లుగా ఆమె జాకెట్లు కుడుతున్నాడు గురునాథం. "దీని ప్రకారమేనండి", "ఎప్పుడిస్తారండి", ఈ రెండు మాటలే తప్ప ఆమె గొంతు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అలాంటి సామ్రాజ్యంగారు చెప్పులు విడిచి, గడపదాటి, తిన్నగా లోపలికి వచ్చి బల్లమీద కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది? బాపట్లా? మా పెద్దాడపడుచు అక్కడే. మీకు పిల్లలా? ఈ కొట్టుకి ఆడమనిషి వచ్చిందంటే ఎంత హాయిగా ఉందో!"

ఇద్దరూ నవ్వుకున్నారు. గురునాథం తల వంచుకుని మూలన నిలబడ్డాడు. ఒళ్లంతా మంట. ఇరవయ్యేళ్లు కుట్టిన తనకు గడప అవతలినుంచి రెండు మాటలు, నిన్నగాక మొన్న వచ్చిన కాజాలురాని పిల్లకు ఇంటి సంగతులన్నీనా? ఓర్చుకోలేకపోయాడు. పైకి చెప్పుకోవడానికి కూడా లేదు, ఏమని చెప్పుకుంటాడు?

సామ్రాజ్యంగారు వెళ్లాక చౌడేశ్వరి చుట్టూ చూసి అడిగింది. "బాబాయిగారూ, వాడకందార్ల ఆదులు ఇక్కడే ఉంటయ్యని చెప్పారు. ఏ పెట్టెలో ఉన్నయ్యండి?"

రేకుపెట్టె అప్పటికి పరుపుచుట్ట పక్కన, రేపల్లె సామాన్లలో ఉంది. దింపి ఇచ్చేద్దామనే అనుకున్నాడు పొద్దుటిదాకా.

"ఎవరియ్యి వాళ్లు పట్టుకుపోయారమ్మా," అన్నాడు.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం, అతనికే ఆశ్చర్యమేసింది. రిక్షాలో స్టేషనుకు పోతూ సర్దిచెప్పుకున్నాడు: కొట్టు అమ్మాను, మిషన్లు అమ్మాను. ఆడవాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన జాకెట్లు అమ్మడానికి నేనెవర్ని? మాట న్యాయంగానే ఉంది. కానీ ఆ న్యాయం వెనకాల ఉన్నది అతనికి బాగా తెలుసు. ఆదులు లేకపోతే ఆ పిల్ల ఎలా కుడుతుందో చూస్తాను అన్న పంతం.

రేపల్లెలో ఆండాళమ్మ సామాన్లు సర్దుతూ పెట్టెను చూసింది. "ఆదుల పెట్టె ఇక్కడికెందుకు తెచ్చారండి?"

"వీలుచూసుకుని అప్పగిస్తాలే."

ఆండాళమ్మ ఇంకో మూట విప్పింది. "కాస్త ఆ ఉప్పుజాడీ పై అరలో పెట్టండి," అంది. ఇంట్లో ఏది పైన పెట్టాలన్నా, పైనుంచి ఏది తియ్యాలన్నా అతనే. పెళ్లయినప్పట్నుంచీ అంతే. బట్టలు ఆరేసే దండెం కూడా ఆమెకోసం కిందికి కట్టించాడు.

"ఏంటే పొట్టిదానా, నేను లేకపోతే నీకు ఉప్పు కూడా దొరకదే!" అని నవ్వుతూ జాడీ పైన పెట్టాడు. ఆ మాటంటే అతనికి ఇష్టం. లోకంలో ఒక్కరికైనా తను లేకపోతే జరగదనే తృప్తి. బొటనవేలు వంగకపోయినా ఆ పని మాత్రం మానుకోలేదు.

తరవాత కబురుకోసం కాచుక్కూచున్నాడు. జాకెట్లు పాడైపోతున్నాయనో, ఆడవాళ్లు తిట్టుకుంటున్నారనో, కొట్టు ఖాళీగా ఈగలు తోలుకుంటోందనో తెనాలినుంచి ఎవరో ఒకరు చెప్పాలి. చివరికి ఆ చౌడేశ్వరే వచ్చి, బాబాయిగారూ మీరు లేకపోతే నావల్ల కావడంలేదండీ అనాలి. అప్పుడు తను పెద్దమనసుతో పెట్టె తీసి చేతిలో పెడతాడు. ఆ దృశ్యం ఎన్నిసార్లు మనసులో నడిపించుకున్నాడో లెక్కలేదు. ప్రతిసారీ చౌడేశ్వరి ఇంకొంచెం ఎక్కువ ఏడ్చేది.

ఎవరూ రాలేదు. ఉండబట్టలేక, వేలికి నూనె తెచ్చుకోవాలని చెప్పి తనే తెనాలి పాసింజరెక్కాడు.

కొట్టుకు ఎదురుగా బ్రహ్మయ్య కాఫీహోటలుంది. తిన్నగా కొట్లోకి పోకుండా అందులో దూరి, బయటికి కనపడకుండా స్తంభం పక్కన కూర్చున్నాడు. చూశాడు కదా, నోరు వెళ్లబెట్టాడు. కొట్టుముందు రెండు రిక్షాలు ఆగి ఉన్నాయి. గడప అవతల నిలబడే ఆడవాళ్లెవరూ లేరు. అందరూ లోపలే. కొట్లో సగానికి ఆకుపచ్చ తెర కట్టి ఉంది. తెర వెనకనుంచి నవ్వులు. ఒకరి నవ్వు కాదు, నలుగురైదుగురివి.

"ఆ తెర ఏంటి బ్రహ్మయ్యా?" అన్నాడు.

"నీకు తెలీదా? ఆ అమ్మాయి టేపు పెట్టి కొలతలు తీసుకుంటది. ఒకళ్లని కొలుస్తంటే మిగతావాళ్లు కబుర్లు. మా ఇంటావిడ జాకెట్టు కుట్టించుకోడానికని పోయి పూటంతా రాలేదు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నీకంటే బాగా..." బ్రహ్మయ్య నాలిక్కరుచుకుని, గ్లాసులు తొలవడానికి లోపలికి తప్పుకున్నాడు.

గురునాథం చేతిలో కాఫీ చల్లారిపోయింది. అప్పుడే ఇద్దరు అమ్మాయిలు తెర దాటి వచ్చి హోటలుముందు నిలబడ్డారు. "గురునాథం జాకెట్టంటే ఇదేనే! ఊళ్లో ఇంకెక్కడా ఇలా కుదరదు," అంది ఒకతె. ఆ మాటకు గురునాథం ఛాతీ రెండంగుళాలు పొంగింది. అంతలోనే గుర్తొచ్చింది. ఆ గురునాథం తను కాడు. అది బోర్డు. తను పట్టుబట్టి ఉంచమన్న బోర్డు. తన పేరు తను లేకుండా తనకంటే బాగా బతుకుతోంది. సొంత పేరుమీదే కుళ్లుపుట్టడం ఎక్కడైనా ఉందా? అతనికి పుట్టింది.

తప్పించుకుని పోదామని బయటికొచ్చేసరికి సామ్రాజ్యంగారు ఎదురుపడింది. అలవాటుగా తల దించేశాడు.

"గురునాథంగారా! బాగున్నారా? మూసేసి పోకుండా ఆ అమ్మాయికి అమ్మి ఎంత మంచిపని చేశారండి! మీ రుణం తీర్చుకోలేం. ఇన్నాళ్లూ..." అని ఆగిపోయింది. "సరేలెండి. ఆండాళమ్మగారిని అడిగానని చెప్పండి," అని రిక్షా ఎక్కింది.

ఇన్నాళ్లూ? ఇన్నాళ్లూ ఏంటి? రేపల్లె చేరేదాకా ఆ మాట అతన్ని చీమలా కుడుతూనే ఉంది. పొగిడింది సరే, ఆ తరవాత ఏదో మింగేసింది. ఏం మింగేసింది?

ఇంటికొచ్చి నూనె తేలేదేమని అడిగిన ఆండాళమ్మమీద కసిరాడు. కంచంలో అన్నం కెలికి లేచిపోయాడు. మంచం కిందినుంచి రేకుపెట్టె లాగి ఒక్కొక్క ఆదినీ తీసి చూసుకున్నాడు. అన్నీ కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా చిరుగు లేదు, మాసిక లేదు. ఎంత పదిలంగా ఇచ్చారు తల్లులు! ఇదీ కుట్టంటే. ఆ తెరవెనక ముచ్చట్లన్నీ కొత్తమోజు. వీటిని తీసుకెళ్లి ఆ బల్లమీద గుట్టపోస్తే, ఎవరిది వాళ్లు చేత్తో పట్టుకుంటే, అప్పుడు తెలుస్తుంది ఊరికి తేడా. ఆ పిల్లకు తెలుస్తుంది. తనను చూసి ఆడవాళ్లంతా...

"రేపు తెనాలి పోయి పెట్టె ఇచ్చేసొస్తా," అన్నాడు.

"నేనూ వస్తా," అంది ఆండాళమ్మ. సంచిలో మడిచిన నీలంగుడ్డ ఒకటి పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పాసింజర్లో పెట్టెను పైబల్లమీదికి ఎక్కించాడు. బొటనవేలు కలుక్కుమంది. "కాస్త ఈ సంచి కూడా పైన పెట్టండి," అంది ఆండాళమ్మ. పెట్టాడు.

వాళ్లు వెళ్లేసరికి కొట్లో సామ్రాజ్యంగారూ, ఆకుపచ్చదారం వాళ్ల అమ్మాయి కుమారీ ఉన్నారు. కుమారి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. చౌడేశ్వరి లేచి నిలబడి, "రండి బాబాయిగారూ, పిన్నిగారూ కూర్చోండి," అంది. గురునాథం కూర్చోలేదు. పెట్టెను బల్లమీద పెట్టి మూత తెరిచాడు.

"ఇవిగోనమ్మా ఆదులు. నా దగ్గరే ఉండిపోయినయ్యి. ఇవి లేక ఎంత అవస్థపడ్డావో ఏంటో."

చౌడేశ్వరి పెట్టె వంక చూసింది. అతని వంక చూసింది. పట్టుకుపోయారన్నవాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. ఆమెకు అర్థమైంది, అర్థమైందని అతనికీ అర్థమైంది.

సామ్రాజ్యంగారు పసుపుదారంది పైకి తీసి చూసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, ఇదా! ఇదింకా ఉందా! దీన్ని నేను ఒక్కసారి కూడా తొడుక్కోలేదు కదండీ!"

గురునాథానికి ఆ మాట తలకెక్కలేదు. "తొడుక్కోకపోవడమేంటమ్మా? ఇది ఆదికిచ్చింది కదా?"

"అందుకేనండీ ఇచ్చింది." సామ్రాజ్యంగారు చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేసింది. "చంకల్లో పట్టేసి చెయ్యి లేచేది కాదు. తొడుక్కోలేక పక్కనపడేస్తే కొత్తదిలాగే ఉండిపోయింది. తొడుక్కునేవాటికి నేనే చంకలు విప్పి, ముక్కలేసి, చేతికుట్టు వేసుకునేదాన్ని. ఆ చెమటమరకలవీ, మాసికలవీ పరాయి మగవాళ్ల చేతికి ఎట్టా పంపిస్తామండి? పరువుగా ఉన్నది ఇదొక్కటే. దీన్నే పంపా."

"మా అమ్మదీ అంతేనండి," అంది కుమారి మెల్లగా. "కట్టుకునేవి ఇవ్వడానికి సిగ్గేసి, పెట్టెలో అడుగున ఉన్నది ఇచ్చింది."

గురునాథం పెట్టెలోకి చూశాడు. మాసిక లేదు, చిరుగు లేదు. పాతికేళ్లుగా అతను వెంట్రుకవాసి తేడా రాకుండా కుట్టింది ఇవి చూసే. ఎవరికీ పట్టని జాకెట్టు చూసి, అచ్చం అలాగే ఇంకొకటి. అది పట్టకపోతే దాన్నే మళ్లీ ఆదికి.

"ఒక్కమాట, ఒక్కమాట చెప్పలేకపోయారా తల్లీ?"

"మీరు తలెత్తితే కదండీ చెప్పడానికి!" అంది సామ్రాజ్యంగారు. అని నొచ్చుకుంది. "మీ తప్పేముంది లెండి. ఊరంతా గురునాథంగారి కుట్టు, గురునాథంగారి కుట్టు అంటంటే, నాకొక్కదానికే కుదరడంలేదేమో, లోపం నా వొంట్లోనే ఉందేమో అనుకున్నా. ఇన్నాళ్లూ అట్టాగే అనుకున్నా. ఈ తెరవెనక నలుగురం కలిశాక తెలిసింది, ప్రతి మనిషీ అదే అనుకుందని. ఆరోజు ఎంత నవ్వుకున్నామో!"

ఆ నవ్వు అతను విన్నాడు. స్తంభంపక్కన కూర్చుని, తనమీద కాదనుకుని విన్నాడు.

చౌడేశ్వరి పెట్టెమూత మెల్లగా దించింది. "బాబాయిగారూ, ఒకటి చెప్పనా? ఇవి లేవని మొదట్లో రెండురోజులు తెగ ఏడ్చానండి. కొట్టు మూసేసి బాపట్ల పోదామనుకున్నా. వేరే దారిలేక టేపు తీశా. ఇవే నా చేతికొచ్చుంటే నేనూ వీటి ప్రకారమే కుట్టేదాన్ని, మీ అంత బాగా కూడా కుట్టలేకపోయేదాన్ని." ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది గురునాథానికి. తను కుళ్లుతో దాచిన పెట్టే ఈ పిల్లను నిలబెట్టిందన్నమాట.

"బోర్డుమీద నా పేరు తీసెయ్యమ్మా," అన్నాడు.

"అదేంటండీ! మాటిచ్చాను కదా. ఉండనీండి. గురునాథం ఎవరని అడిగితే మా బాబాయి అని చెప్తన్నా."

అప్పటిదాకా కూర్చుని వింటున్న ఆండాళమ్మ లేచింది. సంచిలోంచి నీలంగుడ్డ తీసి చౌడేశ్వరి చేతిలో పెట్టింది.

"సాయంత్రం బండికి అందిద్దా అమ్మాయ్?"

"ఎందుకందదు పిన్నిగారూ? రండి లోపలికి."

గురునాథం భార్యవంక చూశాడు. నువ్వు కూడానా అని అడగలేదు. పెట్టెలో అన్నిటికంటే పైన ఎర్రదారం జాకెట్టుంది. అదీ కొత్తదిలాగే ఉంది.

ఆండాళమ్మ తెర వెనక్కి వెళ్లింది. సామ్రాజ్యంగారూ కుమారీ కూడా వెళ్లారు. అతను బయట తన పాత ముక్కాలిపీటమీద ఒంటరిగా కూర్చున్నాడు. లోపల టేపు జారుతున్న చప్పుడు. ఏదో అడిగింది చౌడేశ్వరి, ఏదో చెప్పింది ఆండాళమ్మ. అంతే, ఒక్కసారిగా నవ్వులు. వాటిలో ఒక నవ్వు పగలబడి, ఊపిరాడక, మధ్యలో దగ్గొచ్చి మళ్లీ మొదలయ్యింది. అది తన భార్యదని తెలుసుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది. అలాంటి నవ్వు ఆమెలో ఉందని అతనికి ఇన్నేళ్లలో తెలియదు. పేరయ్య కత్తిరింపు చూసినప్పుడు కలిగిన మంట, సామ్రాజ్యంగారు గడప దాటినప్పుడు రేగిన మంట, అవేవీ దీనిముందు లెక్కలోకి రావు. ఆ ఆకుపచ్చ గుడ్డముక్కను పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది. తల వంచుకుని, వంగని బొటనవేలు నిమురుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం రేపల్లె పాసింజర్లో పెద్దగా జనం లేరు. ఆండాళమ్మ నీలం జాకెట్టు తొడుక్కునే వచ్చింది. ఆదులన్నీ కొట్లోనే వదిలేశారు, ఎవరివి వాళ్లు వచ్చి తీసుకుపోతారని. పెట్టె లేదు. సంచి మాత్రం ఉంది, కూరగాయలు కొనడంతో నిండుగా ఉంది.

బండిలోకి ఎక్కగానే అలవాటుగా గురునాథం సంచికోసం చెయ్యి చాచాడు. అప్పటికే ఆండాళమ్మ దాన్ని రెండుచేతులా పట్టుకుంది. మడమలు ఎత్తలేదు, మునివేళ్లమీద లేవలేదు. నిలబడ్డచోటనే చేతులు రెండూ తిన్నగా పైకెత్తి సంచిని పైబల్లమీద పెట్టి, లోపలికి నెట్టింది. నీలం జాకెట్టు భుజాలదగ్గర ఎక్కడా ముడత పడలేదు. పాతికేళ్లలో మొదటిసారి గురునాథం తలెత్తి ఒక ఆడమనిషి జాకెట్టు ఎలా కుదిరిందో చూశాడు.

అతని చెయ్యి ఇంకా చాచే ఉంది.

"నీకు అందిద్దా?" అన్నాడు.

ఆండాళమ్మ కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది.

"ఎప్పుడూ అందేదేనండి," అంది. "చెయ్యే లేచేది కాదు."